ఇంజన్ మార్చే ముందు పాత ఇంజన్‌ను అడగండి

కార్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. కూర్చోండి, ముందు వరుసలో ఇంకా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన వారిలో చాలామంది పరిస్థితి ఒకటేనని నాకు తెలుసు. కారు ఎక్కడో ఆగిపోయి ఉంది. ఎవరో బోనెట్ ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపి, "ఇంజన్ పోయిందండీ, మార్చాల్సిందే" అన్నారు. చూస్తే చేతిలో డబ్బు తక్కువ. ఇప్పుడేం చేయాలి? ఇదే కదా మీ ప్రశ్న?

దానికి జవాబు చెప్పే ముందు నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇంజన్ పోయిందన్నవారు దేనితో చూసి చెప్పారు? చెవితో విని చెప్పారా, గేజి పెట్టి చెప్పారా? సిలిండర్‌లోకి గాలిని రానిచ్చి పొగను పోనిచ్చే వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్ట్ తెగినా కారు ఆగిపోతుంది. ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య సందు మూసే హెడ్ గాస్కెట్ కాలినా ఆగిపోతుంది. సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసును క్రాంక్ అంటారు, దాన్ని మోసే బేరింగు అరిగి క్రాంక్‌ను పట్టేసినా ఆగిపోతుంది. రోడ్డు పక్కన నిలబడ్డ మీకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఖర్చులో మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా. బెల్ట్ సంగతే తీసుకోండి. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా, తెరుచుకున్న వాల్వుకు తగలనంత జాగా ఉన్న ఇంజన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో బెల్ట్ తెగితే కొత్త బెల్ట్ వేస్తే సరి. తగిలే రకం ఇంజన్లలో వాల్వులు వంగుతాయి. అప్పుడు కూడా చాలాసార్లు హెడ్ ఒక్కటి దించి, వంగిన వాల్వులు మార్చి, పిస్టన్ల మీద దెబ్బలు ఉన్నాయేమో చూసుకుంటే బండి లేస్తుంది. దానికి ఇంజన్ మొత్తం ఎందుకు కొనాలి?

కాబట్టి మొదటి ఖర్చు పరీక్షకు పెట్టండి. ఇంజన్ ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసే కంప్రెషన్ పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. పెట్రోలు ఇంజన్ అయితే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పేస్తారు. ఇంధనం రాకుండా, నిప్పు రవ్వ రాకుండా ఆపేస్తారు. ఒక్కో రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, స్టార్టర్ తిప్పుతారు. ముల్లు ఎక్కడ నిలబడితే అది ఆ సిలిండర్ ఒత్తిడి. బాగున్న పెట్రోలు ఇంజన్‌లో సాధారణంగా 150 నుంచి 200 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉంటుంది. డీజిల్‌లో దానికి రెట్టింపు, ఆ పైన కూడా ఉంటుంది, దాని గేజి వేరు. అయితే అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సిలిండర్లు 170 చూపించి నాలుగోది 90 దగ్గర ఆగితే జబ్బు ఆ నాలుగోదానిలో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు పడిపోతే వాటి మధ్య గాస్కెట్ కాలిందని అనుమానించాలి. నాలుగూ సమానంగా తక్కువ చూపిస్తే? అరుగుదల కావచ్చు. టైమింగ్ తప్పి ఉండవచ్చు. బ్యాటరీ నీరసించి స్టార్టర్ సరిగా తిప్పలేకపోయి ఉండవచ్చు. నవ్వకండి, బ్యాటరీ నీరసానికి ఇంజన్‌ను తప్పుపట్టిన వాళ్లు ఉన్నారు.

తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పి చూస్తారు. ఇది పెట్రోలు ఇంజన్లకే, డీజిల్‌లో వద్దు. అంకె లేచిందంటే గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి పోతోంది, నూనె ఆ సందు కాసేపు మూసింది. అంకె లేవలేదంటే వాల్వులో, గాస్కెట్టో చూడాలి.

ఇంతకంటే నాకు ఇష్టమైన పరీక్ష ఇంకొకటి ఉంది, లీక్ డౌన్ అంటారు. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు రకాల వాల్వులూ మూసుకున్న చోట ఆపి, కంప్రెసర్ నుంచి సిలిండర్‌లోకి గాలి పంపుతారు. ఆ తర్వాత పని చెవిది. సైలెన్సర్ గొట్టం దగ్గర బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీయగానే అక్కడ బుసకొడితే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్, లేదా హెడ్‌లో పగులు. ఇంజన్ విప్పకుండానే ఏ గది తలుపు వదులుగా ఉందో తెలిసిపోతుంది. ఈ పరీక్ష మీ ఎదురుగా చేయమని అడగండి. మీకూ చెవులున్నాయి కదా, మీరే వినండి.

ఇక కింది భాగం. క్రాంక్, బేరింగులు, పిస్టన్లను క్రాంక్‌కు కలిపే రాడ్లు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కింద నుంచి టకటకమని బరువైన దెబ్బ వినిపిస్తుంటే బండి స్టార్ట్ చేయడం మానేయండి. అప్పుడు ఆయిల్ ఫిల్టర్ విప్పి దాని రేకు కోయించండి. లోపల కాగితం మడతలు మడతలుగా ఉంటుంది. ఆ మడతలు విప్పి, నూనె పిండేసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. రజను మెరుస్తోందా? అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లండి. అంటుకుంటే అది ఇనుమో ఉక్కో. అంటుకోకుండా రాగి ఛాయలో మెరిస్తే అది బేరింగు. చాలా బేరింగుల్లో పైన బూడిద రంగు మెత్తని పొర ఉంటుంది, దాని కింద రాగి కలిసిన పొర. రాగి బయటపడిందంటే పైపొర ఎప్పుడో అయిపోయిందని అర్థం. ఆ స్థితిలో చిక్కటి నూనె పోసి చప్పుడు తగ్గించి ఇచ్చే వాళ్లుంటారు. అది బండిని అమ్ముకోవడానికి పనికొచ్చే చిట్కా, నడుపుకోవడానికి కాదు.

వరద నీటిలో ఆగిపోయిన బండి అయితే ఒక్క మాట. మళ్లీ మళ్లీ స్టార్టర్ కొట్టకండి. నీరు గాలిలా కుదించుకుపోదు. సిలిండర్‌లో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పి, నీరు బయటికి తీసి, ఆ తర్వాతే తిప్పాలి.

సరే, పరీక్షలు అయ్యాయి. ఏది పాడైందో తెలిసింది. ఇప్పుడు ఈ పూట నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తున్నాను. ఏది పాడైందో తెలిస్తే చాలదు. ఎందుకు పాడైంది? ఇంజన్ తనంతట తాను చావదండీ. దాన్ని ఏదో చంపుతుంది. ఆ చంపినది ఇంకా మీ కారులోనే కూర్చుని ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, ఇంజన్‌ను దించి పక్కన పెట్టినా దాన్ని చంపినది కారులోనే ఉంటుంది.

ఎలాగో చూడండి. రేడియేటర్ లోపల సగం పూడిపోయింది, ఇంజన్ మరిగి పోయింది. మీరు మంచి ఇంజన్ తెచ్చి అదే రేడియేటర్‌కు తగిలించారు. ఏమవుతుంది? బేరింగు పొడి అయిపోయింది. ఆ పొడి నూనెతో కలిసి ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి సన్నని దారుల్లో ఇరుక్కుంది. కొత్త ఇంజన్‌కు పాత కూలరే బిగించారు. మొదటి రోజే ఆ రజను కొత్త బేరింగుల్లోకి వస్తుంది. కూలర్‌ను ఎంత కడిగినా పూర్తిగా శుభ్రపడుతుందని నేను నమ్మను, మార్చేయమంటాను. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఉన్న బండి అయితే టర్బోకు నూనె తెచ్చే గొట్టం, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కూడా చూడాలి. డీజిల్‌లో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ కారుతూ పిస్టన్ మీద చిల్లు పెట్టింది అనుకోండి. అదే ఇంజెక్టర్ కొత్త ఇంజన్ మీదికి ఎక్కితే అది మాత్రం ఊరుకుంటుందా? ఎయిర్ ఫిల్టర్ పెట్టె సరిగా మూసుకోక దుమ్ము లోపలికి వెళ్లి బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగింది. ఆ పెట్టె మీ బండిలోనే ఉంది కదా?

అందుకే చనిపోయిన ఇంజన్‌ను విప్పి చూడకుండా కొత్తదానికి బయానా ఇవ్వకండి. దాన్ని విప్పే కూలి దండగ అనిపిస్తుంది. కానీ తర్వాత ఏం కొనాలో చెప్పేది ఆ విప్పిన ఇంజనే.

దేన్ని ఎంచుకోవాలి

మీ ముందు నాలుగు దారులున్నాయి. పైభాగం మాత్రం బాగు చేయించడం. మొత్తం ఇంజన్ విప్పి చేయించడం. వాడిన ఇంజన్ కొని ఎక్కించడం. ఫ్యాక్టరీలో విప్పి, కొలతలన్నీ తిరిగి సరిచేసి, హామీతో ఇచ్చే ఇంజన్ కొనడం. ఈ చివరిది నలుగురిలో ధనవంతుడు. బండిని ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునేవారికి నప్పుతుంది. దాని గురించి ఎక్కువ చెప్పను, హామీ కాగితం మాత్రం చదవండి. హామీ ఇంజన్‌కేనా, మళ్లీ దించి ఎక్కించే కూలికి కూడానా? ఈ ఒక్క ప్రశ్న అడగండి.

పైభాగం పని గురించి. బండి మరిగి హెడ్ గాస్కెట్ పోయిన కేసులు ఎక్కువగా వస్తాయి. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్ మరిగితే హెడ్‌కు సాగే చోటు ఉండదు, బోల్టులు పట్టి ఉంచుతాయి, అది వంపు తిరుగుతుంది. ఎంత వంపు? కంటికి కనిపించదు. నిక్కమైన ఉక్కు బద్దను హెడ్ మీద అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద సన్నని సందు కొలిచే ఫీలర్ గేజి రేకు దూర్చి చూస్తారు. చాలా హెడ్లకు హద్దు మిల్లీమీటరులో పదో వంతు లోపే, కొన్నిటికి అందులో సగమే. హద్దు దాటితే ఫేసింగ్ చేయిస్తారు. అంటే ముఖాన్ని సన్నగా చెక్కి చదును చేయడం. దానికీ కంపెనీ ఒక పరిమితి పెడుతుంది, కొన్ని డీజిల్ హెడ్లను అసలు చెక్కకూడదు. చెక్కించే ముందు పగుళ్ల పరీక్ష చేయించండి. పగిలిన హెడ్‌కు ఫేసింగ్ చేయించి బిల్లు కట్టిన వారిని నేను చూశాను. ఇంకొకటి, చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగేలా తయారవుతాయి. ఒకసారి సాగినవి మళ్లీ వాడకూడదు. బోల్టులు పాతవే వేసి మిగుల్చుకున్న డబ్బుతో ఇంకో గాస్కెట్ కొనుక్కోవాల్సి వస్తుంది.

రేడియేటర్‌లో పోస్తే కారడం ఆగే మందులు ఉన్నాయి కదా అని ఎవరో అంటున్నారు. ఉన్నాయండీ. గాస్కెట్ సందు మూస్తాయో లేదో గానీ హీటర్ సన్న గొట్టాలు మాత్రం మూస్తాయి. బండిని తుక్కుకు తోలుకెళ్లే దారిలో పనికొస్తాయేమో.

మొత్తం ఇంజన్ చేయించడం. ఇది బాగా చేస్తే మంచి దారి, సగం చేస్తే అన్నిటికంటే చెడ్డ దారి. "రింగులు మార్చేద్దాం, సరిపోతుంది" అంటారు. బోరు అరిగి కోలగా అయిపోయి ఉంటే గుండ్రని కొత్త రింగు అందులో ఏం చేస్తుంది? అందుకని బోరును గేజితో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలవాలి. అరుగుదల ఎక్కువైతే బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్లు వేయాలి, 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజులు దొరుకుతాయి. క్రాంక్‌ను గ్రైండింగ్ చేస్తే అంత మందమైన బేరింగులు వేయాలి. అన్నిటికీ ఇవి దొరుకుతాయా? దొరకవు. కొన్ని అల్యూమినియం బ్లాకుల్లో బోరు గోడకు ప్రత్యేకమైన పూత ఉంటుంది, మామూలు లేత్ షాపులో దాన్ని ముట్టుకోకూడదు. మీ ఇంజన్‌కు పెద్ద సైజు పిస్టన్లు, గ్రైండింగ్ చేసిన క్రాంక్‌కు సరిపోయే మందమైన బేరింగులు మార్కెట్లో ఉన్నాయో లేదో తెలుసుకున్నాకే ఈ దారిలో అడుగు పెట్టండి.

ఇక వాడిన ఇంజన్. బడ్జెట్ తక్కువ అన్నవారిలో ఎక్కువమంది చివరికి వచ్చేది ఇక్కడికే. కాబట్టి ఇక్కడ కాసేపు కూర్చుందాం.

మొదట, ఏ బండిలోది? వెనక నుంచి దెబ్బ తగిలి తుక్కుకు వచ్చిన బండి ఇంజన్ అంటే నాకు ఇష్టం. ఆ రోజు వరకూ నడుస్తూ ఉండి, ముందు భాగానికి ఏమీ కాలేదు కాబట్టి. ముందు నుంచి గుద్దుకున్నది అయితే క్రాంక్ పుల్లీ, ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగులు కూర్చునే చోట్లు, కింద ఉండే నూనె తొట్టి సంప్ పట్టి పట్టి చూడాలి. దెబ్బ ఏదీ లేని బండి ఇంజన్ అమ్మకానికి వచ్చిందంటే ఒక ప్రశ్న అడగాలి. దెబ్బ లేనప్పుడు ఆ బండి తుక్కుకు ఎందుకు వచ్చింది?

ఇంజన్ ఇంకా బండిలోనే ఉంటే స్టార్ట్ చేయించి వినండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమనండి, ముందే వేడి చేసి పెట్టింది కాదు. దించి నేల మీద పెట్టింది అయితే? ఆయిల్ మూత తీసి వేలు పెట్టండి. పలచటి గోధుమ రంగు మరక పరవాలేదు. నల్లటి ముద్ద వేలికి అంటుకుంటే నూనె వేళకు మార్చలేదని తెలుసుకోండి. పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే నూనెలో నీరు కలిసింది, మూత పెట్టి వచ్చేయండి. ప్లగ్గులు విప్పించి, సన్నని గొట్టం కెమెరా దూర్చి బోరు గోడలు చూడండి. గోడ మీద ఐమూలగా సన్నని గీతలు అడ్డంగా కోసుకుంటూ కనిపిస్తే మంచిది, ఫ్యాక్టరీ గీతలు ఇంకా మిగిలి ఉన్నాయని లెక్క. నిలువుగా లోతు గీతలు ఉంటే వద్దు. బయట ఎన్నాళ్లు పడి ఉంది, ప్లగ్ రంధ్రాలు మూసి ఉంచారా, వాన నీరు లోపలికి పోయిందా? క్రాంక్ బోల్టుకు స్పానర్ తగిలించి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. కంప్రెషన్ చూపిస్తానంటే ఆ అమ్మేవారు మంచివారు, అక్కడే కొనండి.

అమ్మేవారు హెడ్ మీదో బ్లాకు మీదో ఒక చిన్న గుండ్రటి బిళ్ల అంటించి ఇస్తుంటారు. హీట్ ట్యాబ్ అంటారు. దాని నడిమి చుక్క సుమారు 120 డిగ్రీలు దాటితే కరిగి పడిపోతుంది. మీరు హామీ అడగడానికి వెళ్లినప్పుడు మొదట చూసేది దాన్నే. చుక్క లేదంటే ఇంజన్‌ను మీరు మరగబెట్టారు, హామీ లేదు. అందుకని కొనే రోజే ఆ చుక్క ఉందో లేదో చూసి ఫొటో తీసుకోండి. బిల్లులో ఇంజన్ నంబరు రాయించుకోండి. బ్లాకు మీద నంబరు గీకి ఉన్నా, మళ్లీ కొట్టినట్టున్నా అది ఎంత చవకైనా ముట్టుకోకండి.

తర్వాత, అది మీ బండికి సరిపోతుందా? "అదే మోడల్, అదే ఇంజన్" అన్న మాట చాలదు. ఇంజన్ కోడ్ ఒకటే అయినా తయారైన ఏడు మారితే సెన్సర్లు మారతాయి. క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల చక్రం కొన్నిటిలో 60 పళ్లకు రెండు తక్కువ, కొన్నిటిలో 36 పళ్లకు ఒకటి తక్కువ. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ ఒక లెక్క ఎదురు చూస్తుంటే చక్రం ఇంకో లెక్క చెబితే ఇంజన్ స్టార్ట్ కాదు. ఆటోమేటిక్ గేరు బండి నుంచి వచ్చిన ఇంజన్‌కు క్లచ్ కూర్చునే బరువైన చక్రం ఫ్లైవీల్ ఉండదు, పలచటి ప్లేటు ఉంటుంది. మీది క్లచ్ బండి అయితే మీ ఫ్లైవీలే దానికి వేయాలి. కొన్నిటిలో క్రాంక్ చివర ఉండాల్సిన చిన్న బేరింగు కూడా ఉండదు. డీజిల్ ఇంజెక్టర్లు మార్చితే వాటి మీద ఉన్న కోడ్లు కంప్యూటర్‌లో ఎక్కించాలి. కంప్యూటర్ మాత్రం మీ పాతదే ఉంచుకోండి. తాళంచెవి, దొంగలు స్టార్ట్ చేయకుండా ఆపే ఇమ్మొబిలైజర్, కంప్యూటర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే జట్టు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి, మిగతా చోట్ల కూడా చాలా కార్లలో ఉంటుంది. ఇంజన్‌తో పాటు వచ్చిన కంప్యూటర్ పెట్టారంటే స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు.

ఇప్పుడు లెక్క. జనం ఇంజన్ ధర ఒక్కటే లెక్క వేసుకుంటారు. దించి ఎక్కించే కూలి ఉంది. చుట్టూ మార్చాల్సిన సామాను ఉంది. ఊహించనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మొత్తం బడ్జెట్‌లో నాలుగో వంతు దానికి విడిగా పెట్టుకోండి. కూలి విషయంలో ఒక చేదు నిజం చెబుతాను. మంచి ఇంజన్ ఎక్కించడానికీ, చెడ్డ ఇంజన్ ఎక్కించడానికీ కూలి ఒకటే. చెడ్డది అయితే మళ్లీ దించాలి, మళ్లీ ఎక్కించాలి, అంటే కూలి రెండింతలు. అందుకని ఇంజన్ నేల మీద ఉండగానే టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంక్ వెనక సీలు మార్చేయండి. క్లచ్ ప్లేటు సగం పైన అరిగి ఉంటే అదీ మార్చండి. క్రాంక్ వెనక సీలు అరచేయంత రబ్బరు చక్రం. ఎక్కించాక అది కారడం మొదలైతే దాన్ని చేరుకోవడానికి గేర్ బాక్సు మొత్తం దించాలి. ఇంత ఖర్చు పెట్టి సీలు దగ్గర ఆలోచించడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు.

అసలు ఈ బండికి ఇంత పెట్టవచ్చా? ఇది కూడా అడగాలి. నా లెక్క ఇది. మొత్తం ఖర్చు, ఇంజన్ ధర కాదు మొత్తం ఖర్చు, నడుస్తున్న అదే బండి ధరలో సగం దాటితే నేను ఆగి ఆలోచిస్తాను. గేర్ బాక్సు బాగుండి, కింద తుప్పు లేకపోతే ఇంకాస్త ముందుకు వెళతాను. చాసిస్ తుప్పు పట్టి ఉంటే ఇంజన్ ఉచితంగా ఇచ్చినా వద్దంటాను, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి.

పెద్ద ఇంజన్ మోజు

"ఎలాగూ దించుతున్నాం కదా, ఇంకాస్త పెద్దది వేద్దాం." ఈ మాట మీకు వచ్చి ఉండాలి. రాలేదంటే నమ్మను. ముఖ్యంగా వెనక కూర్చున్న కుర్రాళ్ల విషయంలో అసలు నమ్మను.

తప్పేమీ లేదు. తక్కువ డబ్బుతో శక్తి పెంచాలంటే మాత్రం దారి ఒక్కటే. మీ మోడల్‌లోనే కంపెనీ తానే వేసి అమ్మిన పెద్ద ఇంజన్ ఏదో చూడండి. మౌంటింగులు, గేర్ బాక్సు, వైరింగు అన్నీ కంపెనీ ముందే సరిచూసి పెట్టింది. హోండా 1989లో తెచ్చిన బి16ఎ ఇంజన్ 1.6 లీటర్లతోనే 160 హార్స్‌పవర్ ఇచ్చింది. దాన్ని చిన్న సివిక్‌లలో వేసుకున్నవారు లెక్కలేనంతమంది. ఎందుకు? అదే కుటుంబం ఇంజన్లు అవే బాడీల్లో కంపెనీయే వాడింది కాబట్టి. జనరల్ మోటార్స్ 1997లో తన స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో పెట్టిన 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజన్ కూడా అలాగే. ఎనిమిది సిలిండర్లు అయినా అల్యూమినియం బ్లాకు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉండటంతో హెడ్లు చిన్నవి, ఇరుకు చోట్ల పడుతుంది. చాలామంది వేసుకోవడంతో దానికి తయారు మౌంటింగులు, వైరింగు దొరుకుతాయి. ఎవరూ వేయని ఇంజన్‌ను మీరు మొదట వేస్తే ప్రతి బ్రాకెట్టూ మీ డబ్బుతోనే పుడుతుంది.

శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ద్వారానే బయటికి పోవాలి. అంటే రేడియేటర్ పెద్దది కావాలి. బ్రేకులు సరిపోవాలి, గేర్ బాక్సు ఆ టార్కును, అంటే తిప్పే బలాన్ని, మోయాలి. ఇవన్నీ కలిపి లెక్క వేసి, అప్పుడు మీ మోజు ఎంత మిగులుతుందో చూడండి. కాగితాల సంగతీ ఉంది. ఇంజన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్‌లో మార్పించాలి, రకం మారితే పొగ నియమాలు, బీమా రెండూ కదులుతాయి. ఏ దేశం చట్టం దానిది. కొనే ముందే అడగండి, కొన్నాక కాదు.

నన్నడిగితే, నాలుగు డబ్బులు మిగిలినప్పుడు నేను పెట్టించేది ఆయిల్ ప్రెజర్ గేజి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఉంది కదా అంటారు. ఆ దీపం ఒత్తిడి దాదాపు పూర్తిగా పడిపోయాకే వెలుగుతుంది. వేడి ముల్లు కూడా చాలా బండ్లలో అంతే, మధ్యలో కదలకుండా కూర్చోబెట్టారు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ నీరే ఉండదు, ముల్లు తప్పు చెబుతుంది. మీ పాత ఇంజన్ అలాగే పోయి ఉండవచ్చు.

ఎక్కించేటప్పుడు ఒక్క విషయం చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఆటోమేటిక్ బండి ఉన్నవారు ఇది వినండి, మీ మెకానిక్‌కు కూడా చెప్పండి. టార్క్ కన్వర్టర్ అనే పెద్ద గుండ్రటి డబ్బా గేర్ బాక్సు షాఫ్టు మీద కూర్చుంటుంది. చేత్తో నెడుతూ తిప్పుతుంటే టక్కుమని ఒకటికి రెండుసార్లు లోపలికి దిగుతుంది. చివరి గాడిలో పడితేనే గేర్ బాక్సు ఆయిల్ పంపు దాన్ని పట్టుకుంటుంది. ఆ చివరి గాడిలో పడకుండానే ఇంజన్‌ను గేర్ బాక్సుకు దగ్గరికి తెచ్చి, మిగిలిన సందు బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది. స్టార్ట్ చేసిన నిమిషంలో గేర్ బాక్సు కూడా పోతుంది. గుర్తు ఏమిటంటే, ఇంజన్, గేర్ బాక్సు ముఖాలు చేతులతోనే కలవాలి. కలిశాక కన్వర్టర్‌కూ ప్లేటుకూ మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకపోతే బోల్టు ముట్టుకోవద్దు, మళ్లీ వెనక్కి లాగండి.

మొదటి స్టార్ట్‌కు ముందు ఇంధనం ఫ్యూజు తీసి, నూనె ఒత్తిడి వచ్చే వరకు స్టార్టర్ ఆపి ఆపి తిప్పండి. కూలెంట్‌లో గాలి పూర్తిగా పోయే వరకు బండి కదిలించకండి. రింగులు కొత్తవైతే మొదటి 500 నుంచి 1000 కిలోమీటర్ల వరకు ఒకే వేగంలో గంటలకొద్దీ నడపకండి, పూర్తిగా తొక్కకండి. ఆ తర్వాత నూనె, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కోసి చూడండి. ఎలా చూడాలో ఇప్పుడు మీకు తెలుసు.

ప్రశ్నలు ఉన్నాయా? అమ్మా, మీరు అడగండి. పాత ఇంజన్‌ను ఏం చేయాలి అని అడుగుతున్నారు. చాలా అవసరమైన ప్రశ్న. వెంటనే తుక్కుకు వేయకండి. కొత్తదానికి సరిపోని బ్రాకెట్టు, సెన్సరు, పుల్లీ, గేర్ బాక్సును సరిగ్గా కూర్చోబెట్టే చిన్న గొట్టాల్లాంటి పిన్నులు, ఇవన్నీ పాతదాని మీదే ఉంటాయి. రెండోది, ఫ్యాక్టరీలో చేసిన ఇంజన్ కొంటే పాతది తిరిగిచ్చే వరకు కొంత డబ్బు పట్టి ఉంచుతారు. బ్లాకు పగిలి ఉన్నా, రాడ్ బయటికి పొడుచుకొచ్చినా ఆ డబ్బు ఇవ్వరు. అందుకే ఏ స్థితిలో ఉంటే తీసుకుంటారో కొనేటప్పుడే రాయించుకోండి, విప్పిన భాగాలు సంచిలో కట్టి ఇంజన్‌తోనే ఉంచండి. కొత్తది కొన్ని వందల కిలోమీటర్లు నడిచి, ఎక్కడా కారడం లేదని తేలాక పాతదాన్ని పంపించండి.